రిపోర్టులన్నీ నార్మల్, మరి ఈ నొప్పి ఎక్కడిది?

మోకాలికి రెండు చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్ ఇవాళ మన జిల్లా కేంద్రాల్లోనూ మామూలే. అలాంటి ఆపరేషన్ చేయించుకున్నవారి మీద జర్మన్ వైద్యుడు క్రిస్టోఫ్ స్టెయిన్, ఆయన సహచరులు ఒక పరీక్ష జరిపి, ఆ ఫలితాలను 1993లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆపరేషన్ అయ్యాక కొందరికి మోకాలి కీలులోకి నాలోక్సోన్ అనే మందును చాలా తక్కువ మోతాదులో ఎక్కించారు. నాలోక్సోన్ నొప్పి పుట్టించే మందు కాదు. మార్ఫిన్ లాంటి మందులు కణాల మీద ఉండే ఏ గ్రాహకాలకు (సంకేతాలను అందుకునే అణువులకు) అతుక్కుని పనిచేస్తాయో వాటికి అడ్డుపడటమే దాని పని. మార్ఫిన్ మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవారిని బతికించడానికి దాన్ని వాడతారు. ఈ రోగుల కీలులోకి ఎవరూ మార్ఫిన్ ఎక్కించలేదు. అయినా నాలోక్సోన్ పడినవారికి నొప్పి పెరిగింది.

అడ్డుపడితే నొప్పి పెరిగిందంటే, అప్పటిదాకా ఆ మోకాలిలో ఏదో ఒక పదార్థం నొప్పిని అణచిపెడుతూ ఉందన్న మాట. కీలు లోపలి పొరను పరీక్షించి చూస్తే అక్కడికి చేరిన తెల్ల రక్తకణాల్లో ఆ పదార్థాలు కనిపించాయి: బీటా-ఎండార్ఫిన్, మెట్-ఎన్‌కెఫలిన్. రెండూ మన శరీరం స్వయంగా తయారుచేసుకునే మార్ఫిన్ లాంటివే. మెదడులో ఉంటాయని అందరికీ తెలిసిన ఈ పెప్టైడ్లను గాయం దగ్గరికి మోసుకొచ్చినవి సూక్ష్మజీవులతో పోరాడే కణాలు.

ఈ విషయం మీద ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఏళ్ల తరబడి ఒళ్లు నొప్పులతో తిరిగేవారికి, అందులోనూ ఆడవాళ్లకు, మన ఆసుపత్రుల్లోనూ ఇళ్లల్లోనూ తరచూ వినిపించే మాట ఒకటుంది: "రిపోర్టులన్నీ నార్మల్, ఏమీ లేదు, అంతా టెన్షన్." ఒంటి నొప్పి వేరు, మనసు ఒత్తిడి వేరు, రెండోది నిజమైన జబ్బు కాదు అన్న నమ్మకం ఈ మాట వెనుక ఉంది. రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే అణువులను దగ్గరగా చూస్తే ఆ గీత ఎక్కడా నిలబడదు.

ముందు పరిభాష కొంచెం. ప్రోటీన్లు, పెప్టైడ్లు రెండూ అమైనో ఆమ్లాల గొలుసులే. గొలుసు పొట్టిగా, సుమారు యాభై లోపు ఉంటే పెప్టైడ్ అంటారు, పొడుగైతే ప్రోటీన్. మెట్-ఎన్‌కెఫలిన్‌లో ఉన్నవి ఐదే అమైనో ఆమ్లాలు. బీటా-ఎండార్ఫిన్‌లో 31. రోగనిరోధక కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సైటోకైన్లు వీటికంటే పెద్దవి. వాటిలో ఒకటైన ఇంటర్‌ల్యూకిన్-1 బీటాలో 153 అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి లెక్కకు అది చిన్న ప్రోటీన్. అయితే నొప్పి కథలో ఈ రెండు రకాలనూ విడదీసి చెప్పలేం.

ఎన్‌కెఫలిన్లను 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూజ్, హాన్స్ కోస్టర్లిట్జ్ పందుల మెదళ్ల నుంచి వేరుచేశారు. ఆ తరువాత తేలిన సంగతి మన విషయానికి ఇంకా ముఖ్యమైనది. బీటా-ఎండార్ఫిన్ విడిగా తయారు కాదు. పీఓఎంసీ అనే పెద్ద ప్రోటీన్‌ను ఎంజైములు ముక్కలుగా కోస్తే వస్తుంది. అదే ప్రోటీన్‌లోని మరో ముక్క ఏసీటీహెచ్. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథికి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను విడుదల చేయమని చెప్పే హార్మోన్ ఇదే. ఒత్తిడి సంకేతమూ నొప్పి నివారిణీ ఒకే తల్లి ప్రోటీన్ నుంచి పుడుతున్నాయి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథికే పరిమితమనుకున్న ఈ రెండూ లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో కూడా ఉన్నాయని 1980ల మొదట్లో అమెరికాలో ఎడ్విన్ బ్లాలాక్ బృందం చూపినప్పుడు చాలామంది నమ్మలేదు.

గాయం దగ్గర జరిగేది

స్టెయిన్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ యంత్రాంగం అడుగడుగునా కనిపిస్తుంది. ఎలుక వెనుక పాదాల్లో ఒకదానికి ఇంజక్షన్ ఇచ్చి ఇన్‌ఫ్లమేషన్ తెప్పిస్తారు. పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి, ముట్టుకుంటే చాలు వెనక్కి లాక్కునేలా తయారవుతుంది. కొద్ది రోజుల తరువాత ఆ ఎలుకను చల్లటి నీటిలో ఒక నిమిషం ఈదిస్తారు. ఎలుకకు అది గట్టి ఒత్తిడి. బయటికి తీసి పాదం మీద కొద్దికొద్దిగా బరువు పెంచుతూ నొక్కితే, వాచిన పాదం ఇంతకుముందు కంటే ఎక్కువ ఒత్తుడును ఓర్చుకుంటుంది. వాపు లేని రెండో పాదంలో ఆ మార్పు కనిపించదు.

ఈ తేడాలోనే అసలు విషయం ఉంది. మెదడు ఒక్కటే ఎండార్ఫిన్లు వదిలి నొప్పి తగ్గించి ఉంటే రెండు పాదాల్లోనూ తగ్గాలి. ఇక్కడ నొప్పి తగ్గింది వాచినచోటే. ఒత్తిడి వేళ వెలువడే సీఆర్‌ఎఫ్ అనే 41 అమైనో ఆమ్లాల పెప్టైడ్, వాచిన చోట చేరిన తెల్లకణాల మీద ఉన్న గ్రాహకాలను తాకుతుంది. ఆ కణాలు దాచుకున్న బీటా-ఎండార్ఫిన్‌ను బయటికి వదులుతాయి. అది పక్కనే ఉన్న నొప్పి నాడుల కొసలకు అతుక్కుని, అవి వెన్నుపాముకు సంకేతాలు పంపకుండా తగ్గిస్తుంది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట నాడుల కొసల్లో ఈ గ్రాహకాలు మామూలుకంటే ఎక్కువగా ఉంటాయి కూడా.

ఇది నిజంగా తెల్లకణాల పనేనా అని నిర్ధారించుకోవడానికి రోగనిరోధక శక్తిని అణచివేసి చూశారు. నొప్పి తగ్గడం ఆగిపోయింది. రక్తనాళంలో పరుగెత్తే తెల్లకణం గాయం దగ్గర గోడకు అతుక్కుని బయటికి రావాలంటే సెలెక్టిన్లు అనే అణువులు కావాలి. వాటికి అడ్డుపడినా అంతే: కణాలు గాయానికి చేరలేదు, ఒత్తిడి వేళ నొప్పి తగ్గలేదు. ఈ రెండో ఫలితం 1998లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చింది.

యుద్ధంలో గాయపడ్డ సైనికుల కథ ఇక్కడ చాలామందికి గుర్తుకు రావచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ రంగంలో పనిచేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడ్డ సైనికుల్లో నలుగురిలో ముగ్గురు నొప్పి మందు అక్కర్లేదన్నారని 1946లో రాశారు. దాన్ని పూర్తిగా తెల్లకణాల ఖాతాలో వేయడం సరికాదు. గాయపడిన తొలి గంటల్లో ఎక్కువ పని చేసేది మెదడు, వెన్నుపాములే. ప్రాణం దక్కిందన్న ఊరటకు కూడా అందులో వాటా ఉందని బీచర్ స్వయంగా భావించారు. తెల్లకణాల పెప్టైడ్లు బలంగా పనిచేసేది ఇన్‌ఫ్లమేషన్ మొదలై, కణాలు పెద్ద సంఖ్యలో పోగైన తరువాత.

జ్వరం వస్తే ఒళ్లంతా ఎందుకు నొప్పి?

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహం రావాలి. రోగనిరోధక కణాలు నొప్పి తగ్గించేవైతే, ఆ కణాలు అత్యంత చురుగ్గా ఉండే జ్వరంలో మనకు నొప్పి ఎందుకు పెరుగుతుంది? 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై 2006లో దేశమంతా పాకిన చికున్‌గున్యా గుర్తున్నవారికి ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. ఆ ఏడాది దేశంలో దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం వారంలో తగ్గినా, మంచం దిగి నేల మీద పాదం మోపలేక, చెంబు పట్టుకోలేక నెలల తరబడి బాధపడ్డవారు మన పల్లెల్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు.

దీనికి కారణం అదే వ్యవస్థ విడుదల చేసే మరో జట్టు, సైటోకైన్లు. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ వాటిలో ప్రధానమైనవి. 1988లో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరేరా బృందం నేచర్ పత్రికలో చూపింది ఏమిటంటే, ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అత్యల్ప మోతాదులో ఎలుకలకు ఎక్కించినా నొప్పి పట్ల వాటి సున్నితత్వం బాగా పెరుగుతుంది. ఆ ప్రభావాన్ని ఆపడానికి వాళ్లు వాడింది కూడా ఒక పెప్టైడే, మూడంటే మూడు అమైనో ఆమ్లాలది. ఇదే ఫెరేరా అంతకుముందు ఒక బ్రెజిల్ పాము విషం మీద చేసిన పని రక్తపోటు మందు కాప్టోప్రిల్‌కు దారితీసింది. ఆ విషంలోని పెప్టైడ్లు బ్రాడీకైనిన్ అనే మరో తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్ ప్రభావాన్ని పెంచుతాయి. బ్రాడీకైనిన్ కూడా గాయమైనచోట పుట్టి నొప్పి నాడులను రెచ్చగొట్టేదే.

ఈ సైటోకైన్లు పనిచేసే దారులు ఒకటి కంటే ఎక్కువ. నాడి కొసల మీద ఉన్న తమ గ్రాహకాలను తాకి, చిన్న ఒత్తుడుకే నాడి స్పందించేలా చేస్తాయి. నొప్పినీ జ్వరాన్నీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని పెంచుతాయి. ఆ తయారీని అడ్డుకునే మాత్ర వేసుకుంటే జ్వరం, ఒళ్లు నొప్పులు కలిసి తగ్గడానికి కారణం ఇదే. మూడో దారి వేగస్ నాడి. కడుపులోని అవయవాల సమాచారాన్ని మెదడుకు చేరవేసే ఈ పొడవాటి నాడిని పొట్ట భాగంలో కోసేస్తే, ఇంటర్‌ల్యూకిన్-1 ఎక్కించినా ఎలుకల్లో నొప్పి సున్నితత్వం పెరగడం లేదని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లిండా వాట్కిన్స్, స్టీవెన్ మేయర్ 1990లలో చూపారు. జ్వరంలో తినాలనిపించకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, మూలన ముడుచుకుని పడుకోవాలనిపించడం, ముట్టుకుంటే నొప్పి, ఇవన్నీ మెదడు పూనుకుని చేయిస్తున్న పనులే. శరీరం ఉన్న శక్తిని పోరాటానికి మళ్లించి, రోగిని కదలకుండా ఉంచే ఏర్పాటు ఇది. నాలుగు రోజుల జ్వరానికి ఇది మేలైన ఏర్పాటే. నాలుగేళ్లు కొనసాగితే జీవితం నాశనమవుతుంది.

మనుషుల్లో దీన్ని నేరుగా కొలిచారు. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు బ్యాక్టీరియా గోడ నుంచి తీసిన ఎండోటాక్సిన్‌ను కిలో బరువుకు 0.4 నానోగ్రాముల చొప్పున ఎక్కించారు. బ్యాక్టీరియా లేదు, జబ్బు లేదు. రోగనిరోధక వ్యవస్థ మాత్రం దాడి జరిగిందనుకుని సైటోకైన్లను విడుదల చేస్తుంది. పేగు చివరన చిన్న బెలూన్‌ను కొద్దికొద్దిగా ఉబ్బిస్తూ ఎక్కడ నొప్పి మొదలైందో అడిగితే, ఎండోటాక్సిన్ పడినవారికి తక్కువ ఒత్తుడుకే నొప్పి మొదలైంది. ఇటువంటి ప్రయోగాల్లోనే వాలంటీర్ల మనోస్థితి కూడా దిగజారడం చూశారు. హెపటైటిస్-సి చికిత్సకు ఒకప్పుడు నెలల తరబడి ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ కూడా సైటోకైనే. దాన్ని తీసుకున్నవారిలో గణనీయమైన భాగం డిప్రెషన్ బారిన పడ్డారు. దుఃఖించవలసిన కారణమేదీ లేకుండానే, సూది మందుతో వచ్చిన దుఃఖం అది.

ఇక నాకు అన్నిటికంటే బలంగా అనిపించే సాక్ష్యం 2011లో జర్మనీలోని ఎర్లాంగెన్ నుంచి వచ్చింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) ఉన్న కొద్దిమంది రోగుల వేలి కీళ్లను నొక్కుతూ మెదడును స్కాన్ చేశారు. నొప్పికి సంబంధించిన ప్రాంతాలు విపరీతంగా చురుగ్గా కనిపించాయి. తరువాత టీఎన్ఎఫ్‌ను పట్టి బంధించే మందు ఎక్కించి మళ్లీ స్కాన్ చేశారు. ఒక్క రోజులోనే మెదడులోని ఆ ఉద్రేకం బాగా తగ్గింది. కీళ్ల వాపు మాత్రం అలాగే ఉంది, అది తగ్గడానికి ఇంకా సమయం పట్టింది. నొప్పి తీవ్రతకూ వాపు పరిమాణానికీ సూటి లెక్క లేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. వాపు కనిపించడం లేదు కాబట్టి నొప్పి ఉండదని ఎవరైనా అంటే ఈ స్కాన్లు చూపించవచ్చు.

ఒత్తిడి ఎటువైపు?

నీటిలో ఈదిన ఎలుకకు ఒత్తిడి వల్ల నొప్పి తగ్గింది. మన అనుభవంలోనేమో ఒత్తిడి పెరిగితే తలనొప్పి, మెడనొప్పి, నడుము నొప్పి పెరుగుతాయి. రెండూ నిజమే. తేడా కాలంలో ఉంది.

ఒత్తిడికీ రోగనిరోధక వ్యవస్థకూ సంబంధం ఉందన్న సూచన చాలా పాతది. 1936లో హాన్స్ సెల్యే నేచర్‌లో రాసిన చిన్న వ్యాసంలో, రకరకాల బాధలకు గురిచేసిన ఎలుకల్లో అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయని, తెల్లకణాలకు నెలవైన థైమస్ గ్రంథి కుంచించుకుపోయిందని ఉంది. కార్టిసాల్ తరహా హార్మోన్లు రోగనిరోధక కణాలను అణచడం వల్ల అలా జరిగింది. యాభై ఏళ్ల తరువాత, 1986లో హ్యూగో బెసెడోవ్‌స్కీ బృందం ఎదురు దారిని చూపింది: ఇంటర్‌ల్యూకిన్-1 ఎక్కిస్తే శరీరంలో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. మరుసటి ఏడాది ఇతరులు ఇది మెదడులోని సీఆర్‌ఎఫ్ ద్వారా జరుగుతోందని నిరూపించారు. అంటే ఇన్‌ఫ్లమేషన్ పెరిగితే కార్టిసాల్ వస్తుంది, కార్టిసాల్ వచ్చి ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుంది. పరీక్ష గదిలోని భయమైనా, టైఫాయిడ్ అయినా ఈ వలయానికి దాదాపు ఒకటే.

భయం ఒక్కటే సైటోకైన్లను కదిలిస్తుందనడానికి ట్రయర్ పరీక్ష మంచి ఉదాహరణ. జర్మనీలోని ట్రయర్ విశ్వవిద్యాలయంలో 1993లో రూపొందించిన పద్ధతి ఇది. ముఖంలో ఏ భావమూ చూపించని ముగ్గురు పరీక్షకుల ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తరువాత ఐదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ 1022 నుంచి. ఉద్యోగ ఇంటర్వ్యూలకు వెళ్లినవారికి ఆ గది ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కార్టిసాల్ కొన్ని నిమిషాల్లో పెరుగుతుంది. గంట, గంటన్నర తరువాత రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 కూడా పెరుగుతుంది. ఎవరికీ గాయం కాలేదు, ఏ సూక్ష్మజీవీ ప్రవేశించలేదు.

ఇది ఒకసారి జరిగి ఆగిపోతే నష్టం లేదు. కార్టిసాల్ వచ్చి పరిస్థితిని సర్దుతుంది. అప్పులవాళ్ల ఫోన్లు, మంచంలో ఉన్న అత్తగారి సేవ, రాత్రి డ్యూటీలు, తాగి వచ్చే భర్త, ఇలాంటివి నెలలు, ఏళ్లు సాగినప్పుడు చిక్కు వస్తుంది. కార్టిసాల్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే కణాలు దాని మాట వినడం తగ్గిస్తాయి. రోజంతా మోగే మైకును వీధివాళ్లు కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేసినట్టే ఇది. 2012లో షెల్డన్ కోహెన్ బృందం వాలంటీర్లకు కావాలని జలుబు వైరస్ ఎక్కించి దీన్ని పరీక్షించింది. దీర్ఘకాలిక ఒత్తిడిలో ఉన్నవారి తెల్లకణాలు కార్టిసాల్‌కు సరిగా లొంగలేదు, వారికే జలుబు ఎక్కువగా వచ్చింది. కార్టిసాల్‌కు లొంగనివారి ముక్కు స్రావాల్లో సైటోకైన్లు కూడా ఎక్కువగా కనిపించాయి.

గాయం మానడం మీద ప్రభావం ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. అమెరికాలోని ఒహాయోలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ 1995లో మతిమరుపు జబ్బుతో ఉన్న బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అదే వయసున్న మరో 13 మందిని తీసుకున్నారు. ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి అది మానేదాకా గమనించారు. సేవలో ఉన్నవారికి సగటున 48.7 రోజులు పట్టింది, మిగతావారికి 39.3. గాయం మానాలంటే తొలి రోజుల్లో సైటోకైన్లు సరైన చోట, సరైన మోతాదులో రావాలి. దీర్ఘ ఒత్తిడి ఆ వేళను, ఆ చోటును తారుమారు చేస్తుంది. అవసరమైనచోట తక్కువ, అక్కర్లేనిచోట కొద్దికొద్దిగా ఎప్పుడూ.

నిద్ర సంగతీ అంతే. రోజుకు నాలుగు గంటలే పడుకోనిచ్చిన ఆరోగ్యవంతుల్లో కొన్ని రోజుల్లోనే ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగింది, దానితోపాటు ఒళ్లు నొప్పులూ పెరిగాయని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతోంది.

రక్తపరీక్షకు అందనిది

సైటోకైన్లు ఎక్కువైతే రక్తపరీక్షలో తెలియాలి కదా అనే ప్రశ్న సహజం. మనవాళ్లు మామూలుగా చేయించే సీఆర్‌పీ పరీక్ష ఇంటర్‌ల్యూకిన్-6 ప్రభావంతో కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్‌ను కొలుస్తుంది. రక్తంలో ఏం తిరుగుతోందో అది చెబుతుంది. వెన్నుపాములో నాడుల చుట్టూ ఉండే మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు రెచ్చిపోయి అక్కడికక్కడే సైటోకైన్లు వదులుతుంటే సీఆర్‌పీకి తెలియకపోవచ్చు. నరం దెబ్బతిన్న ఎలుకల్లో జరిగేది సరిగ్గా ఇదే. పైగా 2015లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం ఆశ్చర్యకరమైన విషయం కనిపెట్టింది. మగ ఎలుకల్లో ఈ నొప్పిని నడిపేవి మైక్రోగ్లియా. ఆడ ఎలుకల్లో వాటిని అణచినా నొప్పి తగ్గలేదు. వాటిలో ఆ పని టీ-కణాలు అనే మరో రకం తెల్లకణాలు చేస్తున్నట్టు తేలింది. దశాబ్దాల పాటు నొప్పి పరిశోధన దాదాపు మగ జంతువుల మీదే జరిగింది. దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారిలో స్త్రీలే ఎక్కువ. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కోపం రాక మానదు.

"అంతా టెన్షన్" అనే ముద్ర అందరికంటే ఎక్కువ మోసినవారు ఫైబ్రోమయాల్జియా రోగులు. ఒళ్లంతా నొప్పి, అలసట, నిద్రలేమి ఉంటాయి, పరీక్షల్లో ఏదీ దొరకదు. 2021లో బ్రిటన్, స్వీడన్ పరిశోధకులు ఈ రోగుల రక్తం నుంచి యాంటీబాడీలను వేరుచేసి ఎలుకలకు ఎక్కించారు. ఎలుకలు ఒత్తుడుకు, చలికి అతిగా స్పందించసాగాయి, కండరాల బలం తగ్గింది. ఆరోగ్యవంతుల యాంటీబాడీలతో అలా జరగలేదు. కొన్ని వారాల్లో ఆ యాంటీబాడీలు కరిగిపోగానే ఎలుకలు మామూలైపోయాయి. రోగులందరికీ ఇదే కారణమని ఇంకా చెప్పలేం. అయితే ఒక మనిషి బాధను రక్తంతో పాటు ఎలుకలోకి మార్చగలిగినప్పుడు, అది ఆమె ఊహ అని అనడం ఇకపై కుదరదు.

మందుల దగ్గరికి వస్తే

ఈ జ్ఞానం నుంచి మందులు వచ్చాయి, రాకుండా ఆగిపోయినవీ ఉన్నాయి. నొప్పి నాడులు విడుదల చేసే సబ్‌స్టెన్స్-పి అనే 11 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను అడ్డుకుంటే నొప్పి పోతుందని 1990లలో పెద్ద ఆశలు పెట్టుకున్నారు. జంతువుల్లో పనిచేసింది, మనుషుల్లో నొప్పి మీద విఫలమైంది. ఆ మందుల్లో ఒకటి ఇప్పుడు కీమోథెరపీ వాంతులు ఆపడానికి పనికొస్తోంది. సబ్‌స్టెన్స్-పి లాగే నొప్పి నాడులు విడుదల చేసే సీజీఆర్‌పీ అనే పెప్టైడ్‌ను అడ్డుకునే మందులు మాత్రం 2018 నుంచి మైగ్రేన్ చికిత్సను మార్చేశాయి. స్టెయిన్ కూడా తన దారిలోనే ముందుకెళ్లారు. ఆపరేషన్ తరువాత మోకాలిలోకి ఒక్క మిల్లీగ్రాము మార్ఫిన్ ఎక్కించినా నొప్పి తగ్గుతుందని 1991లోనే చూపారు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట ఆమ్లత్వం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అక్కడ మాత్రమే అతుక్కునేలా ఫెంటనిల్ అనే మార్ఫిన్ తరహా మందు అణువును మార్చి 2017లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఎలుకల్లో అది ఊపిరి ఆపకుండానే, అలవాటుకు దారితీయకుండానే నొప్పి తగ్గించింది.

మన ఊళ్లకు నేరుగా తగిలే ఫలితం 2022లో వచ్చింది. నడుము పట్టేసిందంటే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లడం, డైక్లోఫెనాక్ సూది, ఒక్కోసారి దానితోపాటు డెక్సామెథసోన్ స్టెరాయిడ్ కూడా వేయించుకుని పనిలోకి దిగడం మనకు అలవాటు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొత్తగా నడుము నొప్పి వచ్చిన 98 మందిని మూడు నెలలు గమనించారు. నొప్పి పూర్తిగా తగ్గినవారి రక్తంలో మొదట్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చాలా చురుగ్గా ఉన్నాయి. నొప్పి నిలిచిపోయినవారిలో ఆ చురుకు లేదు. ఎలుకలకు తొలి రోజుల్లో డెక్సామెథసోన్ గానీ డైక్లోఫెనాక్ గానీ ఇస్తే అప్పటికి నొప్పి తగ్గింది, మొత్తం మీద మాత్రం చాలా ఎక్కువ కాలం కొనసాగింది. ఇన్‌ఫ్లమేషన్‌ను అణచని ఇతర నొప్పి మందులతో అలా జరగలేదు. ఇది మనుషుల్లో నియంత్రిత పరీక్షలతో ఇంకా నిర్ధారణ కావాలి. కీళ్లవాతం ఉన్నవారు తమ మందులను దీన్ని చదివి ఆపేయకూడదు, వారి జబ్బు వేరు. కానీ ప్రతి చిన్న పట్టుకూ స్టెరాయిడ్ సూది వేయించుకునే అలవాటును మార్చుకోవడానికి ఇదొక్కటీ సరిపోతుంది. తొలి రోజుల ఇన్‌ఫ్లమేషన్‌కు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని చేయనివ్వాలి.

చివరగా, పెప్టైడ్ అన్న మాటతో ఇప్పుడు జరుగుతున్న వ్యాపారం గురించి. రోగనిరోధక వ్యవస్థ నుంచే వచ్చిన టఫ్ట్‌సిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను 1970లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో విక్టర్ నజ్జర్ కనుగొన్నారు. దానికి మరో మూడు చేర్చి రష్యాలో సెలాంక్ అనే మందు చేశారు, ఆందోళన తగ్గడానికి అక్కడ ముక్కులో చుక్కలుగా వాడతారు. ఆలోచన ఆసక్తికరమైనదే. వేరే దేశాల్లో పెద్ద ఎత్తున స్వతంత్ర పరీక్షలు జరగలేదు. ఈలోగా ఇలాంటి పెప్టైడ్లను, ఇంకా ఎన్నో పేర్లతో ఉన్నవాటిని, నొప్పికీ ఒత్తిడికీ గాయాలకూ దివ్యౌషధాలంటూ ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. సీసా మీద పరిశోధనకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. జిమ్‌లలో కుర్రవాళ్లు వాటిని తమకు తామే పొడుచుకుంటున్నారు. నోటితో మింగితే చాలా పెప్టైడ్లు కడుపులోనే జీర్ణమైపోతాయి కాబట్టి ఇంజక్షన్ తప్పదు. ఇంజక్షన్ మందును తయారుచేసే అనుమతి ఉన్న కంపెనీలు ప్రతి బ్యాచ్‌లోనూ ఎండోటాక్సిన్ పరిమితికి మించి లేదని పరీక్షించాలి. ఎస్సెన్‌లో వాలంటీర్లకు కిలో బరువుకు నానోగ్రాములో సగం కూడా లేని మోతాదుతో నొప్పి పెంచిన పదార్థం అదే. అనుమతి లేని సీసాకు ఆ పరీక్ష ఎవరు చేశారో, అసలు చేశారో లేదో కొన్నవారికి తెలిసే మార్గం లేదు.